ఒక్క ప్రశ్నతో మిసిసిపీ డెల్టాకి: టీనేజ్ పిల్లల ప్రయాణం మీద ఒక కేస్ స్టడీ

వీళ్లు డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో చుట్టుపక్కల పెరుగుతున్న తెలుగు పిల్లలు. వయసు పద్నాలుగు నుంచి పదిహేడు. డిస్నీ వరల్డ్ చూశారు, గ్రాండ్ కాన్యన్ చూశారు, సెలవులకి హైదరాబాదో విజయవాడో వెళ్లొస్తుంటారు. ఇంటి నుంచి కారులో ఏడెనిమిది గంటల దూరంలో ఉన్న మిసిసిపీ గురించి తోచిన మాటలు రాయమంటే మాత్రం అందరి కాగితాల్లోనూ దాదాపు ఒకే జాబితా వచ్చింది: పేదరికం, రేసిజం, బ్లూస్ సంగీతం, "అక్కడ ఏమీ ఉండదు".

నేను ఇక్కడి హైస్కూల్లో సోషల్ స్టడీస్ చెబుతాను. వారాంతాల్లో నడిచే తెలుగు బడి తల్లిదండ్రులతో కలిసి, స్ప్రింగ్ బ్రేక్‌లో పిల్లల్ని ఈ దేశంలోనే వేరే సమాజాల మధ్యకి తీసుకెళ్తుంటాను. అలా చేసిన డెల్టా ప్రయాణం గురించే ఈ కేసు. వేరే ఊళ్లలో ఇలాంటిది మొదలుపెట్టాలనుకునే టీచర్లు, తల్లిదండ్రులు అడుగుతున్నారని వివరంగా రాస్తున్నాను. పిల్లల పేర్లు, మాతో మాట్లాడినవారి పేర్లు ఇందులో ఉండవు. మనుషుల్ని గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

తల్లిదండ్రులు మొదట అడిగింది వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, బోస్టన్. కాదంటే "ఒక వారంలో ఐదు రాష్ట్రాలు" లాంటి టూరు. రెండింటికీ నేను ఒప్పుకోలేదు. స్మారక చిహ్నాల ముందు నిలబడితే దేశం కథ తెలుస్తుంది కానీ పక్కింటి మనిషి కథ తెలియదు. ఐదు రాష్ట్రాల టూరులో పిల్లలకి గుర్తుండేది బస్సులో పాడుకున్న పాటలే. నాకు కావలసింది చిన్న ప్రాంతం. రకరకాల దారుల్లో వచ్చిన మనుషులు ఒకే నేల మీద, ఒకరి పక్కన ఒకరు, ఒకరితో ఒకరికి పేచీలు ఉంటూ బతుకుతున్న చోటు. డెల్టాలో క్లీవ్‌లాండ్ అనే ఊరు మధ్యలో పెట్టుకుంటే మేం చూడాలనుకున్నవన్నీ నలభై మైళ్ల లోపే ఉన్నాయి. ఒహాయోలో ఉన్న పెద్ద నగరం కాదిది, పదకొండు వేల జనాభా ఉన్న ఊరు.

డెల్టా అంటే మనకి కోనసీమ గుర్తొస్తుంది. ఇది నది సముద్రంలో కలిసే చోటు కాదు. మిసిసిపీ, యాజూ నదుల నడుమ వేల ఏళ్ల వరద మట్టి పేరుకున్న బల్లపరుపు నేల, పొడవు సుమారు 200 మైళ్లు. ఆ మట్టి మీద పత్తి, ఆ పత్తి కోసం బానిసలు, బానిసత్వం పోయాక పంటలో సగం భూస్వామికి ఇచ్చే కౌలు. ఏడాదంతా తోట (ప్లాంటేషన్) యజమాని కొట్లో అప్పు మీద సరుకులు తెచ్చుకోవడం, డిసెంబరులో లెక్క చూసేసరికి ఇంకా బాకీ ఉన్నట్టు తేలడం. ఈ ముక్క చెప్పినప్పుడు పిల్లలకంటే మాతో వచ్చిన ఇద్దరు నాన్నలే ముందు తలాడించారు.

ముందు ఇంట్లో అడగాలి

ఈ ప్రయాణం మొత్తానికీ ఒకటే ప్రశ్న: "మీరు ఇక్కడికి ఎలా వచ్చారు, ఎందుకు ఉండిపోయారు?" ఎవరిని కలిసినా, ఏ భవనం ముందు నిలబడినా ఇదే. పిల్లలకి మొదట్లో ఇది బోర్ అనిపించింది. ఇన్ని విషయాలుంటే ఒకటే అడగడమేంటి ఆంటీ అన్నారు. ఒకే ప్రశ్న పట్టుకుంటే జవాబుల మధ్య తేడా దానంతట అదే బయటపడుతుంది. పైగా ఇది జాలి పడే ప్రశ్న కాదు. "మీ కష్టాలేమిటి" అని అడిగితే అవతలి మనిషి చిన్నబోతాడు. "ఎలా వచ్చారు" అంటే తన కథకి తానే పెద్ద అవుతాడు.

బయల్దేరే ముందు పిల్లలు ఈ ప్రశ్నని ఇంట్లో అమ్మానాన్నల్ని అడిగి రికార్డు చేసుకురావాలి. అందరూ హెచ్-1బీ ఉద్యోగ వీసా అని రాసుకొచ్చారు. అంతకు ముందేమిటన్నది ఎవరికీ తెలియదు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు, పౌరసత్వ చట్టం ప్రకారం భారతీయులు తెల్లవారు కారని, కాబట్టి పౌరులు కాలేరని తీర్పిచ్చింది. 1946లో ఆ అడ్డు తొలగించి, ఏడాదికి వంద మంది వలస రావచ్చన్నారు. అసలు తలుపు తెరిచింది 1965 అక్టోబరు 3న జాన్సన్ సంతకం పెట్టిన వలస చట్టం. అంతకు రెండు నెలల ముందు, ఆగస్టు 6న, అదే అధ్యక్షుడు ఓటు హక్కు చట్టం మీద సంతకం పెట్టాడు. దక్షిణాదిలో నల్లజాతి ప్రజలు దెబ్బలు తిని, ప్రాణాలిచ్చి తెచ్చుకున్న పౌరహక్కుల ఊపులోనే, జాతీయ మూలాల వారీ కోటాలను రద్దు చేసిన ఆ వలస చట్టమూ వచ్చింది. మన నాన్నల ఉద్యోగాల కథకీ డెల్టాకీ ఉన్న ముడి ఇదే. దీన్ని నేను ప్రయాణానికి ముందే చెప్పేస్తాను. అక్కడికెళ్లాక చెబితే ఉపన్యాసంలా ఉంటుంది.

ఒక అబ్బాయి రికార్డింగ్‌లో రెండో సగం లేదు. ఎందుకు ఉండిపోయారని అడిగితే వాళ్ల నాన్న "ఇంకా తేలలేదు నాన్నా" అన్నాడట. గ్రీన్ కార్డు లైన్లో ఉన్న కుటుంబం, ఆ అబ్బాయి హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా మీద, ఉన్నాడు. ఇరవై ఒకటి నిండేలోపు కార్డు రాకపోతే తన దారి తాను వెతుక్కోవాలి. ఉండిపోవడం అనేది తేలిపోయిన విషయమనుకున్న మిగతా పిల్లలకి ఇది కొత్త. ఈ అబ్బాయి తర్వాత ప్రయాణమంతా అందరికంటే బాగా వినేవాడయ్యాడు.

ఇదే కుటుంబం ఇంకో సందేహం కూడా అడిగింది: వీసా మీద ఉన్న పిల్లలు రాష్ట్రం దాటితే ఇబ్బందా? దేశం లోపల తిరగడానికి స్టాంపింగ్ అక్కర్లేదు. పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు ఇచ్చే రికార్డు) కాపీలు దగ్గర ఉంచుకోమన్నాను.

దారి, తిండి, డబ్బు

ఇవి త్వరగా చెప్పేస్తాను. పదిహేను సీట్ల వ్యాన్లు వద్దు, నిండా ఎక్కిస్తే బోల్తాపడే ప్రమాదం ఎక్కువ. తల్లిదండ్రులు నడిపే మినీవ్యాన్లు చాలు. ఐ-20 మీద విక్స్‌బర్గ్ దాకా వెళ్లి, అక్కడ అంతర్యుద్ధంలో 1863 ముట్టడి జరిగిన పార్కులో కాళ్లు చాచుకుని, 61వ నంబరు హైవే పట్టుకుని ఉత్తరానికి. బస ఒక గుజరాతీ కుటుంబం నడిపే మోటెల్‌లో. శాకాహారులకి డెల్టాలో కష్టమే, బీన్స్‌లో కూడా పంది మాంసం ముక్క వేస్తారు. అమ్మలు కట్టిచ్చిన పులిహోర, కందిపొడి ఉదయం పూటకి పనికొచ్చాయి. మధ్యాహ్నం మాత్రం ఊళ్లోనే తినాలన్నది నా నియమం. మొక్కజొన్న పొత్తుల పై తొక్కల్లో చుట్టిన హాట్ తమాలే, క్లార్క్స్‌డేల్‌లో లెబనాన్ నుంచి వచ్చిన కుటుంబాలు తెచ్చిన కిబ్బీ అనే మాంసం వంటకం. తినగలిగినవాళ్లు తిన్నారు, తినలేనివాళ్లు ఇవి ఇక్కడికి ఎలా వచ్చాయని అడిగారు. అదీ పనే.

డబ్బు విషయంలో మాత్రం నాది గట్టి పట్టు. మాతో గంట కూర్చుని తన జీవితం చెప్పిన ప్రతి మనిషికీ కవరులో పారితోషికం పెట్టి ఇస్తాం. మ్యూజియం గైడుకి ఇచ్చేదానికి తగ్గకుండా. వద్దన్నవారు చెప్పిన చర్చికో లైబ్రరీకో ఆ సొమ్ము చేరుతుంది. మన పిల్లల కాలేజీ అప్లికేషన్ వ్యాసాలకి ఎవరి బతుకూ ఉచిత ముడిసరుకు కాకూడదు. ఈ మాట మొదటి మీటింగ్‌లో అంటే ఇద్దరు తల్లులు ఇబ్బందిగా నవ్వారు, ఎందుకంటే వాళ్లు వచ్చింది సగం అందుకే. ఫోటోల సంగతీ అంతే. అడగకుండా మనుషుల్నీ ఇళ్లనీ తీయకూడదు. పాడుబడ్డ ఇంటి ముందు సెల్ఫీ అసలే కుదరదు.

అక్కడ విన్నవి

క్లీవ్‌లాండ్ ఊరి నడుమ ఒకప్పుడు రైలు పట్టాలుండేవి. ఇప్పుడు ఆ చోటు చెట్లతో పచ్చగా ఉంటుంది. పట్టాలకి అటువైపు నల్లజాతివారు, ఇటువైపు తెల్లవారు, రెండు వైపులా రెండు హైస్కూళ్లు. పిల్లల్ని ఇలా వేరు చేస్తున్నారని 1965లో వేసిన దావా మీద, రెండు స్కూళ్లనీ కలపమని ఫెడరల్ కోర్టు ఆదేశించింది 2016లో. 2017లో కలిశాయి. మా పిల్లల్లో అప్పటికి కిండర్‌గార్టెన్‌లో ఉన్నవాళ్లున్నారు. చరిత్ర అంటే నలుపు తెలుపు ఫోటో అనుకునే వయసు అది. తాము బడికి వెళ్తున్న ఏళ్లలో జరిగిందని తెలిసేసరికి తేదీలు లెక్కపెట్టుకున్నారు.

ఆ ఊళ్లోనే డెల్టా స్టేట్ యూనివర్సిటీలో చైనా వారసత్వ మ్యూజియం ఉంది. అంతర్యుద్ధం తర్వాత, స్వేచ్ఛ పొందిన నల్లజాతివారు తమ పొలాల్లో ఇంక చేయరేమోనని భయపడి, తోటల యజమానులు 1870ల్లో చైనా కూలీల్ని తెప్పించారు. వాళ్లు పొలం పని ఎక్కువకాలం చేయలేదు. చిన్న చిన్న కిరాణా కొట్లు పెట్టి, తెల్లవారి దుకాణాల్లో మర్యాద దొరకని నల్లజాతి కౌలుదారులకి సరుకులు అమ్మారు. కొట్టు ముందు, కాపురం వెనక. అక్కడికి ఇరవై మైళ్ల దూరంలోని రోజ్‌డేల్‌లో 1924లో మార్తా లమ్ అనే కొట్టు వాళ్ల అమ్మాయిని, తెల్లవారి బడి ఆ ఏడాది తెరిచిన మొదటి రోజునే మధ్యాహ్నానికి ఇంటికి పంపేశారు. తండ్రి గాంగ్ లమ్ కోర్టుకెళ్లాడు. 1927లో సుప్రీంకోర్టు ఆయన వాదనని ఏకగ్రీవంగా తోసిపుచ్చింది.

ఇక్కడ నేను పిల్లల ముందు ఒక చిక్కు పెడతాను. లమ్ కుటుంబం అడిగింది బడులన్నీ అందరికీ ఉండాలని కాదు, తమ అమ్మాయిని నల్లజాతి పిల్లల బడికి పంపవద్దని. థింద్ కూడా కోర్టులో తాను ఉన్నత కులపు ఆర్యుణ్ణి కాబట్టి తెల్లవాణ్ణేనని వాదించాడు. అన్యాయానికి గురైనవాళ్లు కూడా గీత చెరపమని అడగలేదు, గీతకి ఇవతల తమకి చోటిమ్మని అడిగారు. మంచివాళ్లెవరు, చెడ్డవాళ్లెవరని వెంటనే తేల్చేద్దామనుకునే టీనేజ్ పిల్లలకి ఇది మింగుడుపడదు. పడనివ్వాల్సిన పనీ లేదు. ఆ సాయంత్రం డైరీల్లో ఎక్కువ గీతలు కొట్టివేతలు ఉన్న పేజీలు ఇవే.

మౌండ్ బయూకి మర్నాడు వెళ్లాం. ఒకప్పుడు బానిసగా ఉన్న ఐజయా మాంట్‌గోమరీ, తన బంధువు బెంజమిన్ గ్రీన్‌తో కలిసి 1887లో అడవి కొట్టి పెట్టిన ఊరు. మేయరు నుంచి పోస్టుమాస్టరు దాకా అందరూ నల్లజాతివారే. 1942లో అక్కడ టబోరియన్ ఆసుపత్రి వచ్చింది, డాక్టర్లూ నర్సులూ అందరూ వాళ్లవాళ్లే. 1960ల్లో డాక్టర్ జాక్ గైగర్, జాన్ హాచ్ కలిసి పెట్టిన డెల్టా హెల్త్ సెంటర్, దేశంలో పల్లెల కోసం వచ్చిన మొదటి కమ్యూనిటీ హెల్త్ సెంటర్. పోషకాహారం లేక జబ్బుపడిన పిల్లలకి అక్కడి డాక్టర్లు చీటీ మీద మందుకి బదులు పాలు, కూరగాయలు, మాంసం రాసిచ్చేవారు. ఊళ్లో కొట్లు ఆ చీటీలకి సరుకులిచ్చి, బిల్లు హెల్త్ సెంటర్ మందుల పద్దుకి పంపేవి. పైవాళ్లు అభ్యంతరం చెబితే, ఆకలికి వైద్యపుస్తకంలో ఉన్న మందు అన్నమేనని గైగర్ జవాబు. మా గుంపులో డాక్టరు కావాలనుకునేవాళ్లే ఎక్కువ. ఇంతసేపూ ఫోన్ వంక చూస్తున్న అమ్మాయి కూడా ఇక్కడ నోట్సు రాసుకుంది.

ఈ ఊరి జనాభా ఇప్పుడు సుమారు 1,500. ఎందుకు తగ్గిందన్నదానికి మూలం ఉత్తరాన క్లార్క్స్‌డేల్ పక్కన హాప్‌సన్ తోటలో ఉంది. 1944 అక్టోబరులో అక్కడ పత్తి ఏరే యంత్రాన్ని జనానికి నడిపి చూపించారు. అప్పటికే షికాగో రైలెక్కడం మొదలుపెట్టిన మనుషులకి ఇంక ఇక్కడ పని లేదన్నది ఖాయమైపోయింది.

రిటైరైన ఒక బడి పంతులమ్మ మాతో చర్చి హాల్లో కూర్చుంది. ఎలా వచ్చారంటే, "మమ్మల్ని తెచ్చారు" అంది. ఎందుకు ఉండిపోయారంటే, తన అన్నదమ్ములందరూ షికాగో వెళ్లారని, అమ్మని చూసుకోవడానికి ఒకరు మిగలాలి కాబట్టి తాను మిగిలానని, తర్వాత బడి వదలబుద్ధి కాలేదని చెప్పింది. మా వంతు అయ్యాక తన వంతు అడిగింది: "డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ ఇండియా వెళ్లొచ్చి అక్కడి కులాల గురించి చెప్పాడు. మీరు ఏ కులం?"

ఎవరూ మాట్లాడలేదు. పిల్లల్లో కొందరికి నిజంగానే తెలియదు. తెలిసినవాళ్లు నా వైపు చూశారు. నేను కలగజేసుకోలేదు. ఇలాంటి చోట పెద్దవాళ్లు మాట మార్చి పిల్లల్ని కాపాడతారు, ఆ కాపాడటమే చెడగొడుతుంది. చివరికి ఒక అబ్బాయి, "మాకు భూమి ఉండేది, కౌలుకిచ్చేవాళ్లం అని నాన్నమ్మ చెప్పింది. అంటే ఈ కథలో మేం అటువైపు అనుకుంటా," అన్నాడు. ఆవిడ తలూపి, మీ నాన్నమ్మని ఇంకా అడుగు అంది. అంతే.

ఆ మధ్యాహ్నం సమ్నర్ అనే ఊరికి. 1955 ఆగస్టులో షికాగో నుంచి చుట్టాలింటికి వచ్చిన పద్నాలుగేళ్ల నల్లజాతి అబ్బాయి ఎమ్మెట్ టిల్‌ని తెల్లవాళ్లు చంపి నదిలో పడేశారు. విచారణ సమ్నర్ కోర్టులో. ఆ రోజుల్లో బిడ్డ తల్లి మేమీ టిల్‌కి, నల్లజాతి విలేకరులకి రక్షణగా చోటిచ్చింది మేం పొద్దున చూసిన మౌండ్ బయూలోని డాక్టర్ హోవర్డ్ ఇల్లే. పన్నెండు మందీ తెల్ల మగవాళ్లే ఉన్న జ్యూరీ గంటకి కాస్త పైగా కూర్చుని ఇద్దరు తెల్ల నిందితుల్ని వదిలేసింది. నాలుగు నెలలకి ఆ ఇద్దరూ డబ్బు తీసుకుని, చంపింది తామేనని పత్రికకి చెప్పారు. 2007లో ఆ కౌంటీ తరఫున కోర్టు మెట్ల ముందు క్షమాపణ పత్రం చదివారు. శవం దొరికిన చోట 2008లో పెట్టిన బోర్డుని ఎత్తుకుపోయారు, తర్వాత పెట్టినవాటిని తుపాకులతో కాల్చారు. 2019లో తూటాలు దిగని బోర్డు పెట్టాల్సి వచ్చింది.

కోర్టు గదిని 1955లో ఉన్నట్టే తిరిగి తీర్చిదిద్దారు. పిల్లలు ఆ క్షమాపణ పత్రాన్ని తలా ఒక వాక్యం చదివారు. బయటికొచ్చి గడ్డిలో కూర్చున్నప్పుడు, మాతో వ్యాను నడుపుతూ వచ్చిన ఒక నాన్నగారు మాట మొదలుపెట్టాడు. ఆయనది తెనాలి దగ్గర పల్లె. 1991 ఆగస్టు 6న పక్కనే చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపి, శవాల్ని గోనె సంచుల్లో కట్టి కాలవలో పడేసినప్పుడు ఆయన హైస్కూల్లో ఉన్నాడు. 2007లో ప్రత్యేక కోర్టు ఇరవై ఒక్క మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఇదంతా తెలుగులోనే చెప్పాడు, సగం నేను ఇంగ్లీషులో మళ్లీ చెప్పాను. ఆ రోజుల్లో తమ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరి పక్షాన మాట్లాడేవారో కూడా దాచలేదు. ఒక అమ్మాయి, "అంకుల్, అక్కడ కూడా ఎవరైనా ఇలాంటి కాగితం చదివారా?" అని అడిగింది. తనకి తెలిసి లేదన్నాడు.

ఇలాంటి పోలికల మీద నాకు అనుమానమే. "అన్ని చోట్లా ఇంతే" అనేసి తేలిగ్గా బయటపడటానికి వాటిని వాడుకుంటారు. ఆయన తమవాళ్లు ఏ వైపో చెప్పాడు కాబట్టి ఇక్కడ అలా జరగలేదు. అది లేకపోతే నేనే ఆపేసేదాన్ని.

ఒక తెల్ల రైతు తన షెడ్డులో మాకు జీపీఎస్‌తో నడిచే ట్రాక్టరు చూపించాడు. మూడు తరాల సోయా, మొక్కజొన్న, క్యాట్‌ఫిష్ చెరువులు. చెరువుల దగ్గర భీమవరం నాన్న ఒకాయన ఏరేటర్లు, మేత, రేటు అంటూ అతనితో మాటల్లో పడి మమ్మల్ని మర్చిపోయాడు. వియత్నాం చేప దిగుమతులతో తన ధర ఎలా పడిపోయిందో రైతు చెబితే, అదే జాతి చేపని మా వైపు చెరువుల్లో పెంచుతారని ఈయన చెప్పాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. "ఈ భూమి మీ తాతగారికి ఎలా వచ్చింది?" అని పిల్లలు అడిగినప్పుడు మాత్రం ఆయన కాసేపు ఆగి, అప్పుల్లో మునిగిన తోటని బ్యాంకు వేలంలో కొన్నారని, అప్పట్లో ఒక నల్లజాతి రైతు అదే బ్యాంకుకి వెళ్తే అప్పు పుట్టేది కాదని తనకి తెలుసని అన్నాడు. ఎవరూ ఆ మాట రాబట్టలేదు, తనే అన్నాడు.

అసలు పాఠం తెలుగు ఇంట్లో దొరికింది

నేను ఎదురుచూడని మలుపు డాక్టరుగారి ఇంట్లో వచ్చింది. కర్నూలులో ఎంబీబీఎస్ చదివి, ఇక్కడ రెసిడెన్సీ చేసిన మనిషి. జే-1 వీసా మీద వచ్చిన డాక్టర్లు చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండి రావాలి. డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పనిచేస్తే ఆ షరతు తీసేస్తారు. సెనేటర్ కెంట్ కాన్రాడ్ పేరుతో 1994లో మొదలైన ఈ పథకంలో ఇప్పుడు ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి ముప్ఫై మంది. అమెరికా పల్లెల్లో తెలుగు డాక్టర్లు కనిపించడానికి పెద్ద కారణం ఇదే. ఈయన మూడేళ్లకని వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఎందుకు ఉండిపోయారంటే, "ముందు ఇల్లు అమ్ముడుపోలేదు. తర్వాత నేను వెళ్తే డయాలసిస్ పేషెంట్లు నలభై మైళ్లు పోవాలి. ఆ తర్వాత ఇదే ఊరైపోయింది," అన్నాడు. భోజనాలు బాగా పెట్టారు. అన్ని రోజుల తర్వాత గోంగూర చూసి పిల్లలు పండగ చేసుకున్నారు.

అప్పుడు క్లీవ్‌లాండ్ స్కూళ్ల తేదీలు లెక్కపెట్టుకున్న అమ్మాయే అడిగింది: "అంకుల్, మీ అమ్మాయి ఏ స్కూల్లో చదివింది?"

ప్రైవేటు అకాడమీలో. బడుల్లో జాతి విభజన ఇక ఒక్కరోజు కూడా సాగదని 1969 అక్టోబరులో సుప్రీంకోర్టు మిసిసిపీ కేసులోనే తేల్చాక, తెల్ల పిల్లల కోసం డెల్టా అంతటా ఇలాంటి అకాడమీలు పుట్టుకొచ్చాయి. ఆ సంగతి పిల్లలు రెండు రోజులుగా వింటూనే ఉన్నారు. డాక్టరుగారు నసగలేదు. పబ్లిక్ స్కూల్లో ఫిజిక్స్‌కి టీచరు లేడని, బిడ్డ చదువు మీద ప్రయోగం చేసే ధైర్యం తనకి లేకపోయిందని చెప్పాడు. "నా పేషెంట్ల పిల్లలు ఆ బడికే వెళ్తారు. ఆ సంగతి రోజూ గుర్తుంటుంది," అన్నాడు.

మోటెల్‌కి వచ్చాక పిల్లలు చాలాసేపు ఆయన్ని తప్పుపట్టారు. నేను ఒకటే అడిగాను, మీ అమ్మానాన్నలు ఫ్రిస్కోలో ఇల్లు కొనేముందు ఏం చూశారని. స్కూల్ రేటింగ్. ఎవరికి వారికి ఆ కథ తెలుసు, ఇంట్లో గర్వంగా చెప్పుకునే కథే. ఫ్రిస్కో 2000లో 33 వేల చిల్లర జనాభా ఉన్న ఊరు, 2020కి రెండు లక్షలు దాటింది. అలా పెరగడానికి కారణమైన లెక్కకీ డాక్టరుగారి లెక్కకీ తేడా ఏమిటన్నది వాళ్లే వాదించుకున్నారు. తేడా ఉందని కొందరు, లేదని కొందరు. తేడా ఉందన్నవాళ్ల వాదన నాకు నచ్చింది: మన ఊళ్లో పబ్లిక్ స్కూల్ అందరిదీ. దానికి హెచ్-4 అబ్బాయి జవాబు, అందరిదీ కాదు, అక్కడ ఇల్లు కొనగలిగినవాళ్లదీ అద్దె కట్టగలిగినవాళ్లదీ అని.

ఏం మారిందని ఎలా చెప్పడం

ఇలాంటి ప్రయాణాల చివర "మీ అవగాహన ఎంత పెరిగింది, ఒకటి నుంచి ఐదులో చెప్పండి" అని ఫారం ఇస్తారు. అందరూ ఐదే వేస్తారు. దానికి విలువ లేదు. నేను చూసేది పిల్లలు రాసిన ప్రశ్నలే. బయల్దేరే ముందు ఒక అబ్బాయి రాసింది: "ఇంత కష్టంగా ఉంటే వీళ్లు వేరే ఊరికి ఎందుకు వెళ్లిపోరు?" తిరిగొచ్చాక అతనే రాసింది: "1944 తర్వాత వెళ్లినవాళ్లకి షికాగోలో ఇల్లు ఎవరు అద్దెకిచ్చారు? వెళ్లనివాళ్ల భూమి ఎవరి పేర ఉంది?" మొదటిది తీర్పు, ప్రశ్న వేషంలో ఉంది. రెండోదానికి జవాబు వెతకాలంటే కౌంటీ రికార్డుల గదికి వెళ్లాలి. అందరూ ఇంత దూరం రాలేదు. ఇద్దరు ముగ్గురి ప్రశ్నలు వెళ్లేముందు ఎలా ఉన్నాయో వచ్చాకా అలాగే ఉన్నాయి, ఒకమ్మాయికి డెల్టా అంటే ఇప్పటికీ దోమలే.

రూల్‌విల్‌లో నల్లజాతి పౌరహక్కుల నాయకురాలు ఫానీ లూ హేమర్ సమాధి దగ్గర మేం ఎక్కువసేపు లేం, వాన పడింది. 1962లో ఓటరుగా నమోదు చేసుకోవడానికి ఇండియనోలా వెళ్లినందుకు, పద్దెనిమిదేళ్లు పనిచేసిన తోట నుంచి ఆవిణ్ణి గెంటేశారన్నది వ్యానులోనే చెప్పాను. చిత్రంగా, మా పిల్లల ఇళ్లలో ప్రభావం చూపింది ఈ కథే. పౌరసత్వం ఉండి ఎప్పుడూ ఓటు నమోదు చేసుకోని ఒక నాన్న ఇంట్లో ఎలా ఇరుక్కున్నాడో వాళ్లావిడ ఫోన్ చేసి మరీ చెప్పింది.

తల్లిదండ్రుల్లో అందరూ సంతోషించలేదు. కులం మాట పిల్లల దగ్గర ఎందుకు తెచ్చారని ఒక కుటుంబం నిలదీసింది. తెచ్చింది నేను కాదు, మన పిల్లలు అడిగిన ప్రశ్ననే అవతలి మనిషి తిరిగి అడిగిందని చెప్పాను. వాళ్లు తర్వాతి ప్రయాణానికి పేరు ఇవ్వలేదు. వేరే ఊళ్లలో దీన్ని చేయబోయేవారు ఈ సంగతి మొదటి మీటింగ్‌లోనే చెప్పేయడం మేలు: పిల్లలు అడుగుతారు, వాళ్లనీ అడుగుతారు.

తర్వాతి ప్రయాణం డెల్టాకి తూర్పున నెషోబా కౌంటీలో చోక్తావ్ అనే అమెరికన్ ఆదివాసీ తెగ ప్రజల దగ్గరికి. ఈ నేలంతా వాళ్లది. 1830 ఒప్పందంతో చాలామందిని పడమటికి తరిమేశాక, వెళ్లకుండా మిగిలిన వాళ్ల సంతతికి ఫెడరల్ గుర్తింపు వచ్చింది 1945లో. "ఎలా వచ్చారు" అన్న మా ప్రశ్న వాళ్ల దగ్గర చెల్లదు, వాళ్లు ఎక్కడి నుంచీ రాలేదు. రెండో సగాన్నే ఎలా అడగాలో పిల్లలు ఇప్పుడు రాస్తున్నారు, పంపిన చిత్తుప్రతులు నా దగ్గరున్నాయి. చోక్తావ్ ఉత్సవం జూలైలో కాబట్టి స్ప్రింగ్ బ్రేక్ కుదరదు, ఎండలకి సిద్ధపడాలి. తెగ కార్యాలయానికి ముందుగా ఉత్తరం రాసి, వాళ్లు రమ్మన్నాకే తేదీలు వేసుకుంటాం.